వెనుక పేరు రాయని ఫోటో



మా ఇంట్లో ఒక పాత ఇనుప ట్రంకుపెట్టె ఉంది. పొలం కాగితాలు, పెళ్లి శుభలేఖలు, మా చిన్నప్పటి మార్కుల కార్డులు అన్నీ అందులోనే. వాటి అడుగున గుడ్డలో చుట్టిన కొన్ని ఫోటోలు ఉన్నాయి. ఒక ఫోటోలో మా నాయనమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది. పక్కన ఇంచుమించు అదే వయసు స్త్రీ ఒకామె, నాయనమ్మ భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంటుంది. అంత చనువుగా చెయ్యి వేసిందంటే పరాయి మనిషి అయి ఉండదు. చెల్లెలో, వదినో, చిన్ననాటి స్నేహితురాలో.

"ఈవిడ ఎవరమ్మా?" అని మా అమ్మను అడిగాను.

"ఏమో నాయనా, మీ నాయనమ్మకే తెలియాలి" అంది.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఫోటో వెనక్కి తిప్పి చూశాను. ఏమీ రాసి లేదు. నాయనమ్మ బ్రతికి ఉన్న రోజుల్లో ఆ పెట్టె ఎన్నిసార్లు తెరిచామో, ఆ ఫోటో ఎన్నిసార్లు చేతులు మారిందో. ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఎవరమూ అడగలేదు.

మీ ఇంట్లో కూడా ఇటువంటి ఫోటో ఒకటైనా ఉండే ఉంటుంది. అందుకే ఈ నెల మీకు ఇద్దరు మనుషుల సంగతి చెప్పాలనుకుంటున్నాను. ఒకరిది అమెరికా, మరొకరిది ఆస్ట్రేలియా. ఒకరినొకరు ఎరుగరు. కానీ ఇద్దరూ చేసింది ఒకే పని. ఏళ్ల తరబడి ఒకే విధమైన యంత్రం ముందు కూర్చుని తమ ముఖాన్ని తామే ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటోలు దాచిపెట్టారు. చివరికి ఒకరి ఫోటోలు పేరు పోగొట్టుకుని సంతకు చేరాయి. మరొకరి ఫోటోలు పేరుతో, గౌరవంతో మిగిలాయి. ఈ తేడా ఎక్కడ వచ్చిందో చూద్దాం.

నాణెం వేస్తే ఫోటో

ముందుగా ఆ యంత్రం సంగతి. దానిని ఫోటో బూత్ అంటారు. మన ఊళ్లలో ఒకప్పుడు ఉన్న టెలిఫోన్ బూత్ మీకు గుర్తుంది కదా. ఇంచుమించు అలాంటి చిన్న గదే. లోపల ఒక గుండ్రని స్టూలు ఉంటుంది. దానిని తిప్పుతూ మన ఎత్తుకు సరిపోయేట్టు పైకీ కిందికీ సర్దుకోవచ్చు. ఒక పక్క తెర. ఎదురుగా అద్దం, దాని వెనుక కెమెరా. ఫోటోగ్రాఫరు ఉండడు. తెర వేసుకుని, నాణెం వేసి కూర్చుంటే, వెలుగు కొద్ది క్షణాల తేడాతో నాలుగుసార్లు తళుక్కుమంటుంది. నాలుగైదు నిమిషాలు బయట నిలబడితే నాలుగు ముఖాలున్న సన్నని కాగితపు పట్టీ ఒకటి, ఇంకా తడి ఆరకుండానే, పక్కనున్న అరలోకి జారుతుంది.

దీనిని జనంలోకి తెచ్చినవాడు అనటోల్ జోసెఫో. 1894లో సైబీరియాలోని ఓమ్‌స్క్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. పదిహేనేళ్ల వయసులోనే ఇల్లు విడిచి జర్మనీ వెళ్లి ఫోటోలు తీయడం నేర్చుకున్నాడు. దేశాలు తిరిగి, చైనాలోని షాంఘై మీదుగా చివరికి అమెరికా చేరాడు. బంధుమిత్రుల దగ్గర అప్పు చేసి యంత్రం తయారు చేశాడు. 1925 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే వీధిలో దుకాణం తెరిచాడు. పాతిక సెంట్లకు ఎనిమిది ఫోటోలు. జనం బారులు తీరారు. మొదటి ఆరు నెలల్లోనే 2,80,000 మంది వచ్చారని అప్పటి పత్రికలు రాశాయి. 1927లో ఆ యంత్రం హక్కులను పది లక్షల డాలర్లకు అమ్మాడు. తరువాతి కాలంలో కాలిఫోర్నియాలో బాయ్ స్కౌట్ పిల్లల శిబిరానికి భూమి ఇచ్చాడు. 1980లో మరణించాడు.

అంతమంది ఎందుకు వచ్చారు? ఆ రోజుల్లో స్టూడియోకు వెళ్లి ఫోటో తీయించుకోవాలంటే డబ్బున్నవారి మాట. మంచి బట్టలు వేసుకోవాలి, ఫోటోగ్రాఫరు చెప్పినట్టు మెడ తిప్పాలి, బిగుసుకుని కూర్చోవాలి. ఈ బూత్‌లో ఆ బాధ లేదు. కూలివాడైనా, గుమాస్తా అయినా జేబులోని చిల్లరతో తన ముఖం తాను చూసుకోవచ్చు. తెర వెనుక ఎవరూ చూడరు గనుక మనసారా నవ్వవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులు ఇలాంటి ఫోటోలు తీయించుకుని ఇంటికి పంపేవారు, ఇంటివారు తమవి పంపేవారు. గొప్పవారూ వదలలేదు. తరువాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనెడీ, 1953లో పెళ్లయిన కొత్తల్లో, భార్యతో కలిసి బూత్‌లో కూర్చుని తీయించుకున్న ఫోటోలు నేటికీ ఉన్నాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. పాత స్టూడియో ఫోటోకు నెగెటివ్ ఉండేది. ఒక కాపీ పోయినా, నెగెటివ్ ఉంటే మళ్లీ కడిగించుకోవచ్చు. పాత ఫోటో బూత్‌లో నెగెటివ్ లేదు. బొమ్మ నేరుగా కాగితం మీదే పడుతుంది. యంత్రం లోపల ఒక చెయ్యి లాంటిది ఆ పట్టీని పట్టుకుని, వరుసగా పెట్టిన మందునీళ్ల తొట్లలో ఒకదాని తరువాత ఒకదానిలో ముంచి, కడిగి, బయటికి వదులుతుంది. అంతే. ప్రపంచంలో ఆ పట్టీకి జత ఉండదు. చినిగితే చినిగినట్టే, పోతే పోయినట్టే.

పారేసిన ముఖాలు

జత లేని వస్తువుకు విలువ ఎక్కువ కావాలి. కానీ మనిషి స్వభావం వేరు. ఫోటోలో కళ్లు మూసుకుపోయాయనో, నవ్వు బాగా రాలేదనో బూత్ పక్కనే చించి పారేసేవారు చాలామంది. పారిస్ నగరంలో మిషెల్ ఫోల్కో అనే రచయిత ఆ చిరిగిన ముక్కలను ఏరి, అతికించి, ఆల్బములలో దాచుకున్నాడు. ఎవరి ముఖాలో తెలియదు. ఎవరికీ అక్కరలేనివి. ఆయన మాత్రం వాటిని చెత్తలో వదిలేయలేకపోయాడు.

ఆయన అలవాటును ఆధారం చేసుకుని, 2001లో వచ్చిన 'అమేలీ' అనే ఫ్రెంచి చలనచిత్రంలో ఒక పాత్రను కల్పించారు. అందులోని యువకుడు కూడా ఇలాగే ముక్కలు ఏరుతుంటాడు. నగరంలో ఏ బూత్ దగ్గర చూసినా ఒకే మనిషి ఫోటో చిరిగి పడి ఉంటుంది. నవ్వు లేని ముఖం, ఎప్పుడూ ఒకే చూపు. ఇతడు ఎవరు? ఇన్ని చోట్ల ఫోటో తీయించుకుని ఎందుకు చించి పారేస్తాడు? చివరికి తేలేది ఏమిటంటే, అతడు ఆ యంత్రాలను బాగుచేసే పనివాడు. బాగుచేశాక సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికి తనే కూర్చుని ఒక ఫోటో తీసి, చూసి, పారేసేవాడు.

అది సినిమా కథ. కానీ పదకొండేళ్ల తరువాత అమెరికాలో నిజంగానే అలాంటి చిక్కుముడి ఒకటి ఎదురైంది.

445 ఫోటోలు, ఒకే మనిషి

డోనల్డ్ లోకుటా అనే ఆయన న్యూజెర్సీలో ఆచార్యుడు, ఫోటోగ్రఫీ చరిత్ర తెలిసినవాడు. 2012లో న్యూయార్క్‌లో పాత వస్తువులు అమ్మే ప్రదర్శనకు వెళ్లినప్పుడు ఫోటో బూత్ ఫోటోలు కొన్ని ఆయన కంటబడ్డాయి. అన్నింటిలోనూ ఒకే మనిషి. ఆయన ఆ ఫోటోలు సేకరించి లెక్కపెడితే 445 తేలాయి. 1930ల నుంచి 1960ల దాకా, సుమారు ముప్పై ఏళ్ల పాటు తీసినవి. ఒకదానిలో టోపీ, మరొకదానిలో టోపీ లేదు. ఒకదానిలో చిరునవ్వు, మరొకదానిలో అలసట. వరుసగా పేరిస్తే ఆ మనిషి జుట్టు మన కళ్ల ముందే నెరుస్తుంది, నుదుటి మీద గీతలు పడతాయి.

కానీ ఆయన ఎవరు? పేరు లేదు. ఊరు లేదు. ఒక మనిషి ముప్పై ఏళ్ల జీవితం బల్ల మీద పరచి ఉన్నది, పిలవడానికి మాత్రం పేరు లేదు. ఆయనకు భార్యాబిడ్డలు ఉన్నారా? ఈ ఫోటోలు సంతకు ఎలా వచ్చాయి? జవాబు చెప్పేవారు లేరు.

2014లో రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్మర్లీ కళా ప్రదర్శనశాలలో ఆ ఫోటోలను గోడ మీద పెట్టారు. పత్రికలలో వార్త వచ్చింది. ఆ వార్త దూరాన ఉన్న ఒక బంధువు కంటబడింది. ఆ మనిషి ఎవరో గుర్తుపట్టారు. ఆయన పేరు ఫ్రాంక్లిన్ స్వాంటెక్. మిషిగన్ రాష్ట్రంవాడు. ఫోటో బూత్‌ల వ్యాపారం చేసినవాడు. తన యంత్రాల ముందు తనే కూర్చుని తీసుకున్న ఫోటోలు ఇవి. చలనచిత్రంలో కల్పించిన జవాబే ఇక్కడా నిజమైంది.

నా మనసుకు తగిలింది ఈ చివరి భాగమే. చరిత్ర తెలిసిన పండితుడు 445 ఫోటోలు చేతిలో పెట్టుకుని చెప్పలేకపోయిన దానిని, ఇంటి మనిషి ఒక్క చూపుతో చెప్పాడు. ఆ బంధువు ఆ వార్త చూడకపోయి ఉంటే? లేక ఆయనను ఎరిగినవారు అప్పటికే అందరూ వెళ్లిపోయి ఉంటే? ఆ ముఖం ఇంకా ఎంతకాలం పేరు లేకుండానే ఉండేదో.

అడిగినవారు ఉన్న మనిషి

ఇప్పుడు రెండవ మనిషి దగ్గరకు వద్దాం. ఈయన పేరు ఆలన్ ఆడ్లర్. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరవాసి. మన తెలుగు పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ ఎందరో చేరిన ఊరు అది. మీవారు ఎవరైనా అక్కడ ఉంటే ఫ్లిండర్స్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ గురించి అడగండి. ఆ నగరంలో అది తెలియనివారు ఉండరు.

ఆడ్లర్ 1970ల మొదట్లో ఫోటో బూత్‌ల వ్యాపారం కొన్నాడు. ఒక దశలో నగరమంతటా పదికి పైగా యంత్రాలు ఆయన చేతిలో ఉండేవి. ఈ యంత్రానికి పాడి పశువుకు చేసినట్టు చాకిరీ చేయాలి. మందునీళ్లు మార్చాలి, తొట్లు కడగాలి, కాగితం చుట్ట ఎక్కించాలి, నాణేలు తీయాలి, ఇరుక్కున్న పట్టీని విడిపించాలి. ఆడ్లర్ ఈ పని వారం వారం స్వయంగా చేసుకునేవాడు. పని అయ్యాక స్టూలు మీద కూర్చుని తన ఫోటో ఒకసారి తీసి చూసుకునేవాడు. వెలుగు సరిపోయిందా, బొమ్మ స్పష్టంగా ఉందా, మందు సరిగా ఎక్కిందా అని చూడడానికే. అందం కోసం కాదు, పేరు కోసం అంతకంటే కాదు. యాభై ఏళ్లు ఇలాగే గడిచాయి. ఆ పట్టీలలో నల్లని జుట్టుతో నవ్వే పడుచువాడు మెల్లగా నడి వయసువాడై, ఆ తరువాత ముసలివాడయ్యాడు. ఆస్ట్రేలియాలో అందరికంటే ఎక్కువ ఫోటోలు ఉన్న మనిషి ఆయనేనేమో అని పత్రికలు రాశాయి.

2018లో ఆయనకు ఎనభై ఏళ్లు దాటిన తరువాత ఒక కష్టం వచ్చింది. స్టేషన్‌లో మరమ్మతు పనుల కోసం బూత్‌ను కొద్ది రోజుల్లో తీసివేయాలని చెప్పారు. ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు. ఇన్నేళ్లు ఆదరించిన జనానికి ఒక చీటీ రాసి ఆ బూత్‌కే అంటించాడు. దారిన పోయేవారు అది చదివారు. విషయం నగరమంతా పాకింది. ఆ బూత్‌లో ప్రేమికులుగా కూర్చుని తరువాత పెళ్లాడినవారు, చిన్నప్పుడు అమ్మ ఒడిలో కూర్చుని ఫోటో తీయించుకున్నవారు, తీసేయవద్దని అడిగారు. చివరికి అదే స్టేషన్‌లో మరొక చోట దానికి స్థలం దొరికింది.

ఆ చీటీ చూసి ఆయనను కలుసుకున్నవారిలో క్రిస్టఫర్ సదర్లాండ్ అనే యువకుడు ఒకడు. తరువాత అతడు, జెస్సీ నార్మన్ అనే యువతి కలిసి ఆడ్లర్ దగ్గర పని నేర్చుకున్నారు. ఆయన పనిముట్లు, యంత్రాలు, బాధ్యత స్వీకరించారు. అంతకంటే ముఖ్యం, ఆయన దగ్గర కూర్చుని ఆ పాత పట్టీలు చూస్తూ ఆయనను అడిగి తెలుసుకున్నారు. ఆడ్లర్ 2024 డిసెంబరులో, 92 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 2025లో ఆయన ఫోటోలతో 'ఆటో-ఫోటో: ఎ లైఫ్ ఇన్ పోర్ట్రెయిట్స్' అనే పుస్తకం వచ్చింది. మెల్‌బోర్న్‌లో ప్రదర్శన జరిగింది. గోడ మీద ముఖం ఉన్నది, దాని పక్కన పేరూ ఉన్నది.

ఇద్దరిదీ ఒకే పని, ఒకే అలవాటు. మరి తేడా ఎక్కడ? ఒకాయన బ్రతికి ఉండగా ఆయనను అడిగినవారు ఉన్నారు. మరొకాయన విషయంలో ఆ ఫోటోలు చేతులు మారేటప్పుడు పేరు వెంట రాలేదు. ఫోటో ముఖాన్ని మాత్రమే దాస్తుంది. పేరును దాచవలసింది మనమే.

ఈ వారం చేయగల పని

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. చేతిలో ఫోన్ ఉన్న ఈ రోజుల్లో ఒక పెళ్లికి వెళితే వందల ఫోటోలు తీస్తున్నాం. ఫోన్ నీళ్లలో పడితే, పాడైతే, మార్చితే అవన్నీ ఏమవుతున్నాయో మీకు తెలుసు. పాత తరంవారికేమో ఒక్కొక్కరికి ఒకటి రెండు ఫోటోలే ఉన్నాయి. పెళ్లినాటిది ఒకటి, రేషన్ కార్డుకో పింఛనుకో తీయించినది ఒకటి. ఆ స్టూడియోలు చాలా వరకు మూతపడ్డాయి, నెగెటివ్‌లు ఎక్కడున్నాయో తెలియదు. అంటే మన పెద్దల ఫోటోలు కూడా ఆ బూత్ పట్టీల వంటివే. జత లేనివి.

అందుచేత ఈ వారం కొంచెం సమయం చూసుకుని ఈ పని చేయండి.

ఇంట్లో అందరికంటే పెద్దవారిని, అమ్మమ్మ గానీ తాతయ్య గానీ, మంచం మీద హాయిగా కూర్చోబెట్టి ఫోటోలన్నీ ముందు పెట్టండి. ఒక్కొక్కటి చూపించి అడగండి. ఎవరు? మనకు ఏమవుతారు? ఏ ఊరు? ఏ సంవత్సరం? సంవత్సరం గుర్తులేకపోతే 'పెద్దవాడు పుట్టక ముందా, తరువాతా?' అని అడగండి. తుఫాను వచ్చిన ఏడాదని, ఇల్లు కట్టిన ఏడాదని వారే గుర్తుచేసుకుంటారు. తొందరపెట్టకండి. ఒక పేరు చెప్పబోయి పది సంగతులు చెబుతారు, వినండి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

చెప్పినది వెంటనే రాయండి. ఫోటోను బోర్లించి, గట్టి బల్ల మీద పెట్టి, మెత్తని పెన్సిల్‌తో, ఒక అంచున, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే అచ్చు ముందువైపుకు తేలుతుంది, సిరా అయితే ఊరుతుంది. కొత్త రకం నున్నని కాగితం మీద పెన్సిల్ పడదు. అప్పుడు ఒక కవరు మీద రాసి ఫోటోను అందులో ఉంచండి. 'అమ్మ', 'తాత' అని మాత్రమే రాయకండి. మీ మనుమలకు అది ఎవరి అమ్మో, ఎవరి తాతో తెలియదు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయండి. ఎడమ నుంచి కుడికి వరుసగా రాయండి.

చిరిగిన ఫోటోకు సెల్లోటేపు అంటించకండి. కొన్నేళ్లకు ఆ జిగురే పసుపుపచ్చగా మారి బొమ్మను తింటుంది. గోడకు తగిలించిన ఫోటో మీద ఎండ పడకుండా చూడండి. వానాకాలం చెమ్మ తగిలే గోడ పక్కన పెట్టె ఉంచకండి. వీలైతే ప్రతి పాత ఫోటోను ఫోన్‌తో తీసి ఇద్దరు ముగ్గురు బంధువులకు పంపండి. ఒక ఇంట్లో పోయినా మరొక ఇంట్లో ఉంటుంది.

ఇంకొక్కటి. ఆడ్లర్ దగ్గర నేర్చుకోదగిన మంచి అలవాటు ఇది. ఏడాదికి ఒక్కసారి, ఒకే రోజున, ఇంటి గుమ్మం ముందు అందరూ నిలబడి ఒక ఫోటో తీయించుకోండి. పండుగ రోజైతే అందరూ ఇంట్లోనే ఉంటారు. దానిని కాగితం మీద వేయించి, తారీఖు, పేర్లు రాసి దాచండి. మొదటి ఏడాది దానిలో విశేషం ఏమీ కనబడదు. పదేళ్లకు చూడండి, పిల్లలు గుమ్మం ఎత్తు దాటి ఉంటారు. ఒకరిద్దరు తగ్గి ఉంటారు, ఒకరిద్దరు పెరిగి ఉంటారు. నవ్వు బాగా రాలేదని ఏ ఒక్కటీ పారేయకండి. ఆడ్లర్ పట్టీలన్నీ యంత్రం పనిచేస్తోందో లేదో చూడడానికి తీసినవే కదా.

మా నాయనమ్మ భుజం మీద చెయ్యి వేసిన ఆవిడ ఎవరో నాకు ఇంకా తెలియదు. పోయిన నెల ఆ ఫోటో తీసుకుని నాయనమ్మ పుట్టిన ఊరు వెళ్లాను. నలుగురైదుగురు ముసలివారికి చూపించాను. ఒకామె చాలాసేపు చూసి, "చూసిన ముఖమే బాబూ, పేరు నోటిదాకా వస్తోంది గానీ రావడం లేదు" అంది. ఇంకో పదేళ్ల ముందు వెళ్లి ఉంటే వచ్చేదేమో. ఫోటో ప్రతి ఒకటి ఆమె దగ్గరే ఉంచి, గుర్తొస్తే కబురు చేయమని చెప్పి వచ్చాను. వెనుక మాత్రం పెన్సిల్‌తో ఇలా రాశాను: నాయనమ్మ పూర్తి పేరు, ఆమె పుట్టిన ఊరు, ఆ పక్కన 'నాయనమ్మకు ఇష్టమైన మనిషి' అని. నాకు తెలిసినది అంతే.

మీ ఇంట్లో అడగవలసినవారు ఇంకా ఉన్నారు. ఈ రాత్రే అడగండి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.